మిషను పక్క బడి

ఆ వీధిలో అందరూ అతన్ని మాస్టరు అనేవారు. బట్టలు కుట్టేవాళ్ళని అలా పిలవడం మామూలే. ఆ పిలుపుకీ చదువుకీ ఏ సంబంధమూ లేదు. కానీ ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పిలుపు చెవిన పడుతుంటే మనిషి మీద ఎంతో కొంత పనిచేయకుండా ఉంటుందా? ప్యాంట్ల కొలతల దగ్గర అతను మామూలు దర్జీయే. కూతురి చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం నిజంగానే మాస్టరైపోయాడు.

కొట్టు మేడ మెట్ల కింద ఉండేది. అందులో ఒక కత్తిరింపు బల్ల, ఒక తొక్కుడు మిషను, గోడకి అడ్డంగా బిగించిన ఇనప కడ్డీ, దానికి వేలాడే బట్టలు. మిషను పక్కన ఒక పొట్టి పీట. ఆ పీట మీద అతని కూతురు. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎవరిదో కోటు గుండీ మింగేసి ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది కనుక దాన్ని అందరూ గుండీ అనే పిలిచేవారు.

దగ్గర్లోని బడికి యూనిఫారాలు కుట్టేది మాస్టరే. గుండీ కూడా ఒకప్పుడు ఆ బడికే వెళ్ళేది. ఒకరోజు అతను యూనిఫారాల మూట భుజాన వేసుకుని అక్కడికి వెళ్తే, గుండీ తరగతి గుమ్మం బయట నిలబడి గోడకున్న సున్నం గోళ్ళతో గీకుతోంది. అడిగినదానికి జవాబు చెప్పలేదట, అందుకని నిలబెట్టారట. అతను మూట దించి, లెక్క అప్పజెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

"రేపట్నుంచి నా దగ్గరే చదువుకుంటుంది," అన్నాడు భార్యతో.

ఆవిడ మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. "మీ దగ్గరా? మీకు తీరికెక్కడుందండీ?"

"తీరికెందుకు? చేతులు కుడుతుంటే నోరు ఖాళీగానే ఉంటుందిగా."

నిజానికి అతనికి చదువంటే ప్రాణం. చిన్నప్పుడు అర్ధాంతరంగా ఆపేయాల్సొచ్చింది గానీ, పాత పుస్తకాల దుకాణం కనిపిస్తే ఇప్పటికీ కాలు ముందుకు పడదు. అలా బడి మొదలైంది. అతను మిషను తొక్కుతూ ప్రశ్నలు వేసేవాడు. గుండీ పీట మీద కూర్చుని జవాబులు చెప్పేది. ఆ పిల్లకి చెప్పడంలో ఒక తీరుండేది. ఏది అడిగినా టక్కున అనేది కాదు. మొదలుపెట్టి, మధ్యలో సాగదీసి, ఆ తర్వాత పూర్తి చేసేది. "ఏడు ఎనిమిదులు యాభై... ఆ... రు." మాస్టరుకి ఆ సాగతీత చూస్తే ముచ్చటేసేది. తొందరపడే రకం కాదు, ఆలోచించి గానీ నోరు విప్పదు అని చూసినవాళ్ళందరికీ చెప్పేవాడు.

కొట్టుకి వచ్చినవాళ్ళకి ఇదొక కాలక్షేపమైపోయింది. కొలతలిచ్చేవాళ్ళు చేతులు చాపి నిలబడే, "ఏమ్మా గుండీ, నీళ్ళు ఏ వేడిమికి మరుగుతాయి?" అని అడిగేవారు. "మాస్టరూ, బడిలో మావాడికి ఇన్ని రావయ్యా!" అని ముక్కున వేలేసుకునేవారు. మాస్టరు పళ్ళ మధ్య దారం పట్టుకుని నవ్వు ఆపుకునేవాడు. కళ్ళు నెత్తికెక్కలేదు గానీ, కనుబొమల దాకా వచ్చాయని మాత్రం చెప్పాలి.

ఈ వైభవానికంతటికీ లొంగని మనిషి ఒక్కడే. అతని బావ, అంటే భార్యకి అన్నగారు. సిటీ బస్సు నడుపుతాడు. ఆయన కొడుకు ఆ బడిలోనే చదువుతున్నాడు, అత్తెసరు మార్కులతో.

"పిల్లలన్నాక నలుగురితో కలవాలి బావా," అనేవాడు డ్యూటీ దిగి వచ్చి బల్ల మీద కూర్చుని. "దీన్నిలా పీటకి అతికిస్తే ఎలా?"

"నలుగురితో కలిసి మీవాడు తెచ్చిన మార్కులు చూశాంలే బావా."

"మావాడికి మార్కులు రాకపోతే రాకపోయె. వాడు తప్పు చెప్పినా గట్టిగా చెప్తాడు."

ఆ మాటకి కొట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టరు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ బడి పెద్ద మేడం కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి స్వయంగా వచ్చారు. మాస్టరు అవకాశం వదిలే మనిషి కాదు. మిషను తొక్కుతూనే వరసగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. గుండీ సాగదీసుకుంటూ అన్నీ చెప్పేసింది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంత పిల్లని ఇక్కడ కూర్చోబెట్టారేంటండీ? తీసుకురండి. వయసుని బట్టి అయిదో తరగతి. ఒకసారి అడిగి చూసి చేర్చుకుంటాను."

అక్కడితో సరేనంటే ఈ కథే లేదు. మాస్టరు మిషను ఆపి, "అయిదో తరగతేంటి మేడం, ఏడుకి అడగండి," అన్నాడు.

"ఏడుకా?"

"ఏడుకే."

ఆరు అనొచ్చు. కానీ ఆరులో బావ కొడుకున్నాడు. వాడి పక్కన కూర్చుంటే ఏముంది గొప్ప? ఒక మెట్టు పైన కూర్చోవాలి. ఆ రోజే బావకి కబురు పెట్టాడు, పరీక్షకి నువ్వూ రావాలి అని. బావ సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు పాపం.

పెద్ద మేడం గదిలో ఒక బల్ల, దాని వెనక ఆవిడ, ముందు గుండీ. గోడ వారగా రెండు కుర్చీల్లో మాస్టరూ బావా. పైన పంకా తప్ప చప్పుడు లేదు.

"పన్నెండు ఎనిమిదులు?" అన్నారు మేడం.

"తొంభై..." అంది గుండీ. సాగదీసింది. తల పక్కకి తిప్పి కిందకి చూసింది. "...ఆ... రు."

"సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండే గ్రహం?"

"శు..." ఆగింది. మళ్ళీ కిందకి చూసింది. "బు... బుధుడు."

మాస్టరు మోచేత్తో బావని పొడిచాడు. మేడం మాత్రం మూడో ప్రశ్న వేయలేదు. గుండీ ఎటు చూస్తోందో అటే ఆవిడా చూశారు. కుర్చీ కింద, తొక్కడానికి ఏమీ లేకపోయినా, మాస్టరు కుడికాలు మడమ నేలకానించి పైకీ కిందకీ ఊగుతోంది.

"మాస్టరుగారూ, మీ కాలు."

"నా కాలా? కాలికేమైందండీ?"

"అది జవాబు చెబుతోంది."

అతను వంగి తన కాలు చూసుకున్నాడు, పరాయివాళ్ళ కాలు చూసినట్టు. అది చప్పున ఆగిపోయింది.

"మీరిద్దరూ కాస్త బయట కూర్చోండి," అన్నారు మేడం.

వసారాలో బల్ల మీద కూర్చున్నారు. తలుపు మూసి ఉంది. లోపల్నుంచి మేడం గొంతు ఒకటే వస్తోంది, మధ్యమధ్య పెద్ద పెద్ద ఖాళీలతో.

"పిల్ల మాట వినబడ్డం లేదేంటి బావా?" అన్నాడు బావ.

"రాయిస్తున్నారేమోలే," అన్నాడు మాస్టరు.

తలుపు తెరుచుకుంది. మేడం ఒక చేత్తో గుండీని ముందుకి నడిపించారు. పిల్ల చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఏడు కాదు, నాలుగో తరగతివి అడిగినా ఒక్కటీ చివరికంటా చెప్పలేదు. మొదలుపెడుతుంది, ఆగుతుంది, తలుపు వంక చూస్తుంది. చూడండి, రాకపోవడం తప్పు కాదు. పసిపిల్లకి సైగలు నేర్పడం తప్పు. ఇలా మోసానికి అలవాటు పడిన పిల్లని నా బడిలో చేర్చుకోలేను."

"మోసమా? నేనా?" మాస్టరు గొంతు వసారా చివరిదాకా వెళ్ళింది. తరగతి గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఆ తలల కింద ఉన్న కాలర్లన్నీ అతను కుట్టినవే.

దారిలో బావ ఇస్త్రీ చొక్కా ముడతలు సవరించుకుంటూ నడిచాడు. అది మరీ భరించలేకుండా ఉంది. చివరికి సందు మలుపులో గొంతు సవరించుకుని, "కాలితో ఏంటి బావా," అన్నాడు మెల్లగా. "దగ్గినా కొంచెం మర్యాదగా ఉండేదిగా."

"నేను చెప్పలేదు! ఒట్టు! నాకసలు తెలీదు!"

"సరేలే, సరేలే," అన్నాడు బావ, నమ్మనివాళ్ళు అనే తీరులో. తన దారిన వెళ్ళిపోయాడు.

కొట్టు తాళం తీస్తుంటే గుండీ అంది, "కుర్చీలో నీ కాలు సరిగ్గా ఆడలేదు నాన్నా. మిషనుంటే బాగా తెలిసేది."

"ఏం తెలిసేది?"

"కరెక్టో కాదో. కరెక్టయితే కుడుతూ ఉంటావు. తప్పయితే ఆపేస్తావు. కొంచెం తప్పయితే మెల్లగా తొక్కుతావు."

"నేనా?"

"నువ్వే కదా! నాకు సాయం చేస్తావుగా." అతని మొహం చూసి కంగారుపడింది. "నేనెవ్వరికీ చెప్పలేదు నాన్నా. అమ్మకి కూడా."

మాస్టరు మిషను దగ్గరికి వెళ్ళలేదు. పొట్టి పీట మీద తను కూర్చుని, కాళ్ళు రెండూ ముడిచి చేతులతో పట్టుకున్నాడు.

"ఏడు ఎనిమిదులు?"

"యాభై..." గుండీ అతని మొహంలోకి చూసింది. అతను మొహం గోడకి తిప్పుకున్నాడు.

"అటు తిరిగితే నాకేం కనబడదు నాన్నా," అంది పిల్ల, నిజంగానే సాయం అడుగుతున్నట్టు.

సాయంత్రం భార్య వచ్చేసరికి కొట్లో దీపం లేదు. అంతా విని ఆవిడ బల్లకి ఆనుకుని నిలబడింది.

"ఒకసారి ఇంట్లో నేనేదో అడిగితే చెప్పలేదు, గుర్తుందా? గదమాయించావు, బెదిరిపోయింది అని నా మీద ఎగిరారు."

"ఊఁ."

"నేను గదమాయించలేదండీ. కూరగాయలు తరుగుతూ అడిగాను. కత్తి చప్పుడుతో దానికేం తెలుస్తుంది పాపం." నవ్వబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. "అన్నీ అలాగేనా? చదవడం కూడా?"

చదవడం కాదు. కథలైనా, పాత పత్రికలైనా, సూదుల పెట్టె మీది అక్షరాలైనా గుండీ చకచకా చదివేస్తుంది. చదివినదాని మీద వంద ప్రశ్నలు వేస్తుంది. ఆ పనికి అతని కాలు అక్కర్లేకపోయింది. అక్కర ఉన్నచోటల్లా మాత్రం పిల్ల ఒక్క అడుగు కూడా సొంతంగా వేయలేదు.

"బడికెళ్ళి ఆ మేడంకి చెప్పండి," అంది భార్య.

"ఏమని? నాకు తెలీకుండా నా కాలు పాఠాలు చెప్పిందనా? మోసగాడినన్నా కాస్త తెలివైనవాడినని అనుకుంటారు. ఇది చెబితే ఏమనుకుంటారు?"

"మరి పిల్లనేమనుకుంటున్నారో?"

అతను లేచి దీపం వెలిగించాడు.

మర్నాడు పొద్దున్నే ఒక పాత ఖాతాదారు ప్యాంటు పట్టుకుపోవడానికి వచ్చాడు. బ్యాంకులో గుమాస్తా. గుండీని ప్రశ్నలడగడమంటే ఆయనకి సరదా.

"ఏం మాస్టరూ, ఏడో తరగతిలో వేశారా మన గుండీని?"

మాస్టరు సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కడం లేదు. "ఆ బడి మన పిల్లకి సరిపోదు లెండి," అన్నాడు తలెత్తకుండా. "వాళ్ళ ప్రశ్నలే అదో రకం. పైగా నిన్న దీనికి ఒళ్ళు వెచ్చబడింది. జ్వరంలో ఏం చెబుతుంది?"

"అయ్యో, జ్వరమా!"

గుండీ అప్పటిదాకా పీట మీద హుషారుగా కాళ్ళు ఊపుతూ కూర్చుంది. జ్వరం అన్న మాట వినగానే కాళ్ళు ఊపడం ఆపింది. తండ్రి వంక ఒక్క చూపు చూసింది. మెల్లగా తల బల్లకి ఆనించి, కళ్ళు సగం మూసి, చిన్నగా మూలిగింది.

అంత బాగా చేసింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

గుమాస్తా పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు తగ్గినట్టే ఉందిలే," అని ప్యాంటు తీసుకుని వెళ్ళిపోయాడు. మాస్టరుకి తల కొట్టేసినట్టయింది. నిన్న వసారాలో మోసం అన్న మాట విని అంత గొంతు చేసుకున్నాడే! ఆ మేడం తప్పేమన్నారు? తెలిసి నేర్పలేదు, నిజమే. నేర్పడమైతే నేర్పాడు.

"లే అమ్మా," అన్నాడు. "నీకు జ్వరం లేదు."

"ఆయన వెళ్ళిపోయారా?" అంది గుండీ ఒక కన్ను తెరిచి.

అతను కొట్టు మూసి, గుండీని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, ముందు బస్సు డిపోకి వెళ్ళాడు. బావ టీ తాగుతున్నాడు.

"గొప్ప చూపించడానికి పిలిచాను కదా. దీనికి కూడా రా."

"దేనికి?"

"వస్తే తెలుస్తుంది. నువ్వు లేకుండా అయితే నాకు మాట మార్చేయాలనిపిస్తుంది."

బావ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

బడిలో అది విరామ సమయం. పెద్ద మేడం గదిలో మరో ఇద్దరు టీచర్లు కూడా ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామా అనుకున్నాడు. ఆగితే ఇంక నోరు పెగలదని నిలబడే మొదలుపెట్టాడు. మిషను సంగతి, మెల్లగా తొక్కడం, ఆపడం, మధ్యలో సాగదీయడం, దాన్ని చూసి తను మురిసిపోవడం, అన్నీ చెప్పాడు. ఒక టీచరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. రెండో ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"అంటే ఇన్నేళ్ళూ మీకే తెలీదంటారా?" అన్నారు పెద్ద మేడం.

"తెలీదండీ. తెలిసుంటే దొంగని. తెలీక వెర్రివాణ్ణయ్యాను. ఈ రెండింట్లో మీకేది నచ్చితే అది అనుకోండి. పిల్ల మాత్రం మోసం చేయలేదు. నేను కావాలనే చెబుతున్నానని అది నమ్మింది. ఇవాళ పొద్దున..." జ్వరం సంగతి కూడా చెప్పేశాడు. అది చెప్పమని ఎవరూ అడగలేదు. చెవుల దగ్గర్నుంచి మెడదాకా భగ్గుమంది.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చూశారా, ఇది తీశాను. ఇదే పని మూడో తరగతిలో చేస్తే పిల్లలంతా జవాబు మార్చేస్తారు. తప్పు చెబితే నేను కళ్ళజోడు తీస్తానని వాళ్ళు కనిపెట్టేశారు." టీచర్లిద్దరూ ఇప్పుడు బాహాటంగానే నవ్వారు. మేడం నవ్వలేదు. "కాకపోతే మా పిల్లలు అప్పుడప్పుడూ నా మొహం కనబడకుండా పరీక్ష రాస్తారు. ఎవరికేమొచ్చో అక్కడ బయటపడుతుంది. మీ దగ్గర అదొక్కటీ లేకపోయింది. పిల్లని తీసుకురండి."

ఈసారి గుండీని ఖాళీ గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. బడి వదిలేవేళకి మేడం ఫలితం చెప్పారు. చదవడంలో ఆరో తరగతి పిల్లలకి తీసిపోదు. లెక్కల్లో మూడో తరగతి పిల్లలే నయం. "నాలుగులో కూర్చోనివ్వండి," అన్నారు. "వయసుకి ఒకటి తక్కువే. తర్వాత చూద్దాం."

మాస్టరు తలూపాడు. బావ ఏదో ఒకటి అంటాడని ఒళ్ళు బిగబట్టుకుని ఎదురుచూశాడు. ఏడో తరగతి అన్న మనిషి నాలుగుకి దిగాడు. ఇంతకంటే మంచి అవకాశం బావకి ఈ జన్మలో దొరకదు.

"సాయంత్రాలు మావాణ్ణి పంపిస్తాను," అన్నాడు బావ. "దానికి ఎక్కాలు చెబుతాడు. వాడికి ఎక్కాలు మాత్రం బాగానే వచ్చు."

ఎగతాళి చేసినా బాగుండేది. మాస్టరు కళ్ళు దించుకుని, "పంపించు బావా," అన్నాడు.

మర్నాడు గుండీని నాలుగో తరగతి గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. లోపలున్న పిల్లలంతా దానికంటే పొట్టి. గుండీ మధ్య వరసలో కూర్చుంది. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, ఏదైనా కావాలేమోనని. పిల్ల లేచి మళ్ళీ గుమ్మం దాకా వచ్చింది.

"నాన్నా, నువ్వెళ్ళిపో."

"ఉంటాలేమ్మా, కాసేపు."

"వద్దు. నువ్వుంటే నీకేసి చూస్తాను."

అతను కదిలాడు. అయితే గేటుకి వెళ్ళాలంటే ఆ తరగతి కిటికీలన్నీ దాటాలి. ఆ బడి కిటికీలు బాగా కిందకి ఉంటాయి. ఒక్కసారి కనబడినా చూస్తుందేమోనని నడుం వంచి, తల దించి, గోడ వెంబడి నడవడం మొదలుపెట్టాడు. ఎదురుగా మొక్కలకి నీళ్ళు పోస్తున్న తోటమాలి గొట్టం పక్కకి తిప్పాడు.

"ఏమైనా పడిపోయిందా మాస్టరూ?"

"ఏం లేదు, నువ్వు నీళ్ళు పోసుకో," అన్నాడు గొంతు తగ్గించి.

రెండో కిటికీ కిందకి వచ్చేసరికి లోపల టీచరు అడుగుతోంది, "కొత్తమ్మాయీ, నువ్వు చెప్పు. తొమ్మిది ఆరులు?"

"యాభై..." అంది గుండీ గొంతు. సాగింది. చాలాసేపు సాగింది. ఆ తర్వాత గట్టిగా, "రెండు!"

లోపల గొల్లుమన్నారు. అదే క్షణంలో ఎదురు గదిలోంచి ఎవరో పిల్లలు వంగి నడుస్తున్న మనిషిని చూసినట్టున్నారు, అటునుంచీ నవ్వులు లేచాయి. మాస్టరు మొహం మండుతుండగా మూడో కిటికీ కిందకి జరిగాడు. ఏ నవ్వు ఎవరి మీదో తెలియడం లేదు. అంతా తన మీదే అయితే బాగుండునని కోరుకుంటూ, నడుం ఎత్తకుండానే గేటు దాకా వెళ్ళాడు.